యుద్ధంలోకి దారి తెరిచారు... తిరుగుదారి ఏదీ?

రష్యా-ఉక్రెయిన్ యుద్ధరంగం నుంచి భారతీయుడి మరణవార్త వచ్చిన ప్రతిసారీ మన దగ్గర రెండు వాదాలు తలెత్తుతున్నాయి. ‘ఇష్టపడే వెళ్లాడు, కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు, ప్రభుత్వానికేం సంబంధం?’ అనేది ఒకటి. ‘ఏజెంట్లు మోసం చేసి పంపుతుంటే ప్రభుత్వం ఏం చేస్తోంది?’ అనేది రెండోది. 2025 డిసెంబరులో కేంద్రం రాజ్యసభకు చెప్పిన లెక్క ప్రకారం రష్యా సైన్యంలో చేరినట్లు భావిస్తున్న భారతీయులు 202 మంది. వారిలో 26 మంది చనిపోయారు, ఏడుగురి ఆచూకీ లేదు, 119 మందిని గడువుకు ముందే విడిపించారు, మిగిలిన 50 మంది కోసం అప్పటికి ప్రయత్నాలు సాగుతున్నాయి. అదే ఏడాది జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క 126 కేసులు, 12 మరణాలు. ఏడాది తిరగకముందే మృతుల సంఖ్య రెట్టింపు దాటింది. తెలుగు నేల కూడా దీనికి మినహాయింపు కాదు. ఉద్యోగమని నమ్మి వెళ్లిన హైదరాబాదు యువకుడొకరు చనిపోయినట్లు 2024 మార్చిలో మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది.

పై రెండు వాదాలూ తిరిగేది ఒకే అంశం చుట్టూ. అతడు తన ఇష్టంతో వెళ్లాడా, మోసపోయి వెళ్లాడా అన్నదే వాటికి ప్రధానం. కానీ పరాయి దేశం కోసం పోరాడే సైనికుడి బతుకును నిర్ణయించేది వెళ్లేనాటి ఇష్టం కాదు. వెళ్లాక బయటపడే హక్కు ఉందా, గాయపడితే చూసే దిక్కుందా, పట్టుబడితే యుద్ధఖైదీగా గుర్తిస్తారా, చనిపోతే శవం ఇల్లు చేరుతుందా అన్నవే దాన్ని నిర్ణయిస్తాయి. ఈ నాలుగింటికీ జవాబు చెప్పలేని చోట ‘స్వచ్ఛందం’ అనే మాట చేర్చుకున్న సైన్యానికి రక్షణ కవచం అవుతుంది తప్ప, చేరినవాడికి కాదు. భారత ప్రభుత్వ విధానం ఈ కోణం నుంచి మొదలు కావాలి.

రెండు సైన్యాలు, రెండు పిలుపులు

2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైన మూడు రోజులకే ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ విదేశీయులను పోరాటానికి పిలిచారు. అలా ఇంటర్నేషనల్ లీజియన్ పుట్టింది. మార్చి మొదటి వారానికే 52 దేశాల నుంచి 20 వేల మందికి పైగా ముందుకొచ్చారని ఆ దేశ విదేశాంగ మంత్రి ప్రకటించారు. చివరికి కదనరంగంలో నిలిచినవారు అందులో కొంత భాగమే. మార్చి 13న పోలండ్ సరిహద్దుకు దగ్గరలోని యావోరివ్ శిక్షణ కేంద్రంపై రష్యా క్షిపణులు పడ్డాయి. అక్కడ 35 మంది చనిపోయారని ఉక్రెయిన్ అధికారులు చెప్పారు. ఆ కేంద్రానికి చేరుకున్న విదేశీయుల్లో చాలామందికి యుద్ధమంటే ఏమిటో ఆ తెల్లవారుజామునే తెలిసొచ్చింది. కొందరు అక్కడి నుంచే వెనుదిరిగారు. ఖార్కివ్‌లో చదువుకుంటున్న తమిళనాడు విద్యార్థి ఒకరు ఆ తొలి వారాల్లో ఉక్రెయిన్ పక్షాన ఆయుధం పట్టినట్లు వార్తలొచ్చాయి.

రష్యా పద్ధతి వేరు. అది నమ్మకం పేరుతో పిలవలేదు, జీతం, పౌరసత్వం చూపి పిలిచింది. కనీసం ఏడాది కాంట్రాక్టు చేసుకున్న విదేశీయులకు, వారి కుటుంబాలకు పౌరసత్వం సులభం చేస్తూ 2024 జనవరిలో అధ్యక్షుడు పుతిన్ ఆదేశమిచ్చారు. నెలకు 2 లక్షల రూబుళ్లకు పైగా జీతం, చేరగానే కేంద్రం ఇచ్చే ప్రోత్సాహకం 2024 ఆగస్టు నుంచి 4 లక్షల రూబుళ్లు. రూబుల్ విలువ రూపాయికి అటూఇటూగా ఉంటుంది కనుక ఊళ్లో అప్పులున్న యువకుడికి ఈ అంకె ఎలా కనిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. మనవాళ్లలో చాలామందికి చెప్పింది సైనికుడి ఉద్యోగం కూడా కాదు. ‘ఆర్మీ హెల్పర్’ అన్నారు, సెక్యూరిటీ గార్డు అన్నారు, మరికొందరికి కాలేజీ సీటు చూపించారు. 2024 మార్చిలో సీబీఐ 7 నగరాల్లోని 13 చోట్ల సోదాలు చేసి, ఇలా పంపిన 35 ఉదంతాలను బయటపెట్టింది. యూట్యూబ్ వీడియోలు, స్థానిక ఏజెంట్లు, రష్యాలో దళారులు కలిసి నడిపిన వ్యవహారమిది.

కందకంలో కొత్త మనిషి

విదేశీ సైనికుడి కష్టం తొలి గుండుతో మొదలు కాదు, భాషతో మొదలవుతుంది. తాను సంతకం పెట్టిన కాగితం రష్యన్‌లో ఉంటుంది. వేలు చూపిన చోట సంతకం పెడతాడు. శిక్షణలో కమాండర్ అరిచే మాట అర్థం కాకపోతే తిట్లతో పోతుంది, ముందు వరుసలో అర్థం కాకపోతే ప్రాణమే పోతుంది. తిరిగొచ్చిన భారతీయులు చెప్పినదాన్ని బట్టి కొద్ది వారాల శిక్షణతోనే వారిని ముందు వరుసల వైపు తరలించారు. కందకాలు తవ్వడం, మందుగుండు మోయడం, గాయపడినవారిని మోసుకురావడం వారికి అప్పగించిన పనులు. ఇవి ‘సహాయక’ పనుల్లాగే వినిపిస్తాయి. కానీ ఈ యుద్ధంలో ఆకాశం నుంచి చూసే డ్రోనుకు తుపాకీ పట్టినవాడు, పార పట్టినవాడు అన్న తేడా లేదు. ముందు వరుసకు పది, పదిహేను కిలోమీటర్ల వెనుక కూడా పగలు కదలడం ప్రాణాంతకమైంది. గాయపడినవాడిని వెంటనే వెనక్కి తరలించే వీలు లేక గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఉన్నచోటనే ఉంచాల్సి వస్తోంది.

ఉక్రెయిన్ పక్షాన చేరినవారిలో అనుభవజ్ఞులకూ ఇది కొత్త యుద్ధమే. ఇరాక్, అఫ్గానిస్థాన్‌లలో పనిచేసిన బ్రిటిష్, అమెరికన్ మాజీ సైనికులు ఎప్పుడూ తమ తలపై సొంత విమానాల అండ చూసుకున్నవారు. ఇక్కడ ఆ అండ లేకుండా, రోజంతా కురిసే ఫిరంగి గుళ్ల కింద కూర్చోవలసి వచ్చింది. ఆదర్శంతో వెళ్లినవారిలో కొందరు అక్కడే నిలిచారు, కొందరు చనిపోయారు, కొందరు తిరిగి వచ్చేశారు. ఇక్కడే రెండు సైన్యాల మధ్య అసలు తేడా కనిపిస్తుంది. ఉక్రెయిన్ విదేశీయులను తన సాయుధ దళాల్లో చట్టబద్ధంగా చేర్చుకుని, సొంత సైనికుడికిచ్చే జీతమే ఇచ్చి, ఆరు నెలల తర్వాత కాంట్రాక్టు వదులుకునే వీలు కల్పించింది. రష్యాలో కాంట్రాక్టు సైనికులు సైనిక సమీకరణ ముగిసేదాకా వైదొలగే వీలు లేకుండా 2022 సెప్టెంబరులోనే ఆదేశం వెలువడింది. విదేశీయులకు ఏడాది గడువు అని చెప్పినా, 2024 జులైలో ప్రధాని మోదీ మాస్కోలో పుతిన్‌తో ఈ సంగతి ప్రస్తావించాక గానీ భారతీయుల విడుదల వేగం పుంజుకోలేదు. దేశాధినేతల స్థాయిలో మాట్లాడితే తప్ప బయటపడలేని ఉద్యోగాన్ని స్వచ్ఛందమని ఏ న్యాయశాస్త్రమూ అనజాలదు.

చనిపోయాక కూడా కష్టం తీరదు. ఎక్కడ పడ్డాడో తెలియదు, యూనిట్ ‘ఆచూకీ లేదు’ అని రాసేస్తుంది. శవం దొరికితే గుర్తించడానికి ఇంటి నుంచి డీఎన్‌ఏ నమూనాలు పంపాలి. పరిహారం కావాలంటే మరణ ధ్రువపత్రం రష్యన్ కార్యాలయాల నుంచి రావాలి. భర్త బతికున్నాడో లేదో తెలియని భార్యకు ఇటు వితంతు పింఛనూ రాదు, అటు బీమా సొమ్మూ రాదు. ఈ అనిశ్చితిలోనే కుటుంబాలు నెలలు, ఏళ్లు గడుపుతున్నాయి.

ఆదర్శానికీ అదే గతి

డబ్బు కోసం వెళ్లినవాడికి ఇలాగే జరుగుతుంది, నమ్మకంతో వెళ్లినవాడి గతి వేరు అనుకునేవారు స్పెయిన్ చరిత్ర చూడాలి. 1936-39 అంతర్యుద్ధంలో ఫ్రాంకో సేనలకు వ్యతిరేకంగా సుమారు 35 వేల మంది 50కి పైగా దేశాల నుంచి అంతర్జాతీయ బ్రిగేడ్లలో చేరారు. నాగపూర్‌కు చెందిన గోపాల్ ముకుంద్ హుద్దార్ ‘జాన్ స్మిత్’ అనే మారుపేరుతో వెళ్లి, శత్రువుకు చిక్కి బందీగా గడిపారు. 1938లో నెహ్రూ స్వయంగా బార్సిలోనా వెళ్లి రిపబ్లిక్‌కు సంఘీభావం చెప్పారు. ఆ పోరాటం న్యాయమైనదే. అయినా అల్బసెటేలోని స్థావరంలో అప్పగించిన పాస్‌పోర్టులు చాలామందికి మళ్లీ దక్కలేదు. కొందరు ఇళ్లకు వెళ్తామన్నా పంపలేదు. అమెరికా పాస్‌పోర్టులపై ‘స్పెయిన్ ప్రయాణానికి చెల్లదు’ అని ముద్ర వేసింది. బ్రిటన్ 1870 నాటి విదేశీ సైన్య చేరిక చట్టం వర్తిస్తుందని హెచ్చరించింది. కెనడా 1937లో కొత్త చట్టమే చేసింది. 1938 చివర బ్రిగేడ్లను ఉపసంహరించినప్పుడు, హిట్లర్, ముసోలినీల పాలనలోని జర్మన్, ఇటాలియన్ స్వచ్ఛంద సైనికులకు తిరిగి వెళ్లడానికి దేశమే లేదు. వారిలో ఎందరో ఫ్రాన్స్‌లోని నిర్బంధ శిబిరాల పాలయ్యారు. బతికున్న బ్రిగేడ్ సభ్యులకు స్పెయిన్ పౌరసత్వ హక్కు ఇచ్చింది 1996లో. అప్పటికి ఆరు దశాబ్దాలు గడిచాయి. అంటే ఆశయం ఎంత గొప్పదైనా, రాతపూర్వక బాధ్యత లేనిచోట సైనికుడు ఒంటరివాడే.

చట్టం ఎవరిని కాపాడుతుంది?

అంతర్జాతీయ చట్టం ఈ విషయంలో పాతకాలపు ఊహల మీద నిలబడి ఉంది. 1907 నాటి హేగ్ ఒప్పందం తటస్థ దేశం గడ్డపై ఇతరుల కోసం సేనలు కూడగట్టడాన్ని నిషేధించింది. కానీ వ్యక్తులు విడివిడిగా సరిహద్దు దాటి వెళ్లి సేవలందిస్తే ఆ దేశానిది బాధ్యత కాదంది. ఏజెంటు ఫోన్‌లోనే పది ఊళ్ల యువకులను కూడగట్టి, టూరిస్టు వీసాల మీద ఒక్కొక్కరిగా విమానం ఎక్కించే ఈ రోజుల్లో ఆ విభజనకు అర్థం లేదు. ఇక కిరాయి సైనికుడంటే ఎవరో 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్‌లోని 47వ అధికరణం చెబుతుంది. ఆరు షరతులూ ఒకేసారి వర్తిస్తేనే ఆ ముద్ర పడుతుంది. ప్రధానంగా సొంత లాభం కోసం, సొంత సైనికుల కంటే చాలా ఎక్కువ ప్రతిఫలం హామీతో రావడం ఒక షరతు. ఆ దేశపు సాయుధ దళాల్లో సభ్యుడు కాకపోవడం మరొకటి. కాబట్టి క్రమబద్ధంగా సైన్యంలో చేరిన విదేశీయుడు కిరాయి సైనికుడు కాడు, పట్టుబడితే యుద్ధఖైదీ హక్కులు అతడివే.

ఆచరణ మాత్రం పట్టుకున్నవాడి చేతిలో ఉంది. ఉక్రెయిన్ సైన్యంలో చట్టబద్ధంగా చేరిన ఇద్దరు బ్రిటిష్ పౌరులకు, ఒక మొరాకో యువకుడికి 2022 జూన్‌లో రష్యా అండతో నడిచిన దొనెత్స్క్ కోర్టు కిరాయి సైనికులంటూ మరణశిక్ష వేసింది. సౌదీ అరేబియా మధ్యవర్తిత్వంతో ఆ సెప్టెంబరులో వారు ఖైదీల మార్పిడిలో బయటపడ్డారు. 2024లో ఉక్రెయిన్ నుంచి ఇంటికి వెళ్తూ కరాకస్‌లో విమానం మారుతున్న ఇద్దరు కొలంబియా మాజీ సైనికులను వెనెజువెలా పట్టుకుని రష్యాకు అప్పగించింది. కాంట్రాక్టు ముగిసి, ఆయుధం దించాక కూడా యుద్ధం వారిని వదల్లేదు.

ఇతర దేశాలు ఏం నేర్పుతున్నాయి?

మొదటి మార్గం నిషేధం. దక్షిణ కొరియా పాస్‌పోర్టు చట్టం కింద ఉక్రెయిన్ ప్రయాణాన్నే నిషేధించి, అది మీరి వెళ్లి పోరాడిన మాజీ నౌకాదళ అధికారికి 2023లో అమలు నిలిపిన జైలుశిక్ష విధించింది. దక్షిణాఫ్రికా ప్రభుత్వ అనుమతి లేకుండా విదేశీ యుద్ధాల్లో సైనిక సాయం చేయడాన్ని 1998లోనే నేరం చేసింది. అయినా 2025 నవంబరులో ఉక్రెయిన్‌లోని దొన్‌బాస్‌లో చిక్కుకున్న 17 మంది దక్షిణాఫ్రికన్లు కాపాడమని తమ ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. నిషేధం ఒక్కటే ఏజెంటును ఆపలేదు. రెండోది సందిగ్ధం. 2022 ఫిబ్రవరిలో వెళ్లేవారికి మద్దతిస్తానని బ్రిటన్ విదేశాంగ మంత్రి అన్నారు. కొద్ది రోజుల్లోనే రక్షణ వర్గాలు వెళ్లవద్దన్నాయి. ప్రభుత్వం రెండు నాలుకలతో మాట్లాడితే యువకుడు తనకు నచ్చిన మాటే వింటాడు. మూడోది రిక్రూటర్‌పై దృష్టి. క్యూబా 2023 సెప్టెంబరులో మనుషులను రష్యాకు పంపుతున్న ముఠాను ఛేదించి 17 మందిని అరెస్టు చేసినట్లు ప్రకటించింది. శ్రీలంక 2024లో మాజీ సైనికులను పంపిన దళారులపై మానవ అక్రమ రవాణా కేసులు పెట్టి, మాస్కోకు ప్రతినిధి బృందాన్ని పంపింది. నేపాల్ 2024 జనవరిలో రష్యా, ఉక్రెయిన్‌లకు పని అనుమతులు నిలిపివేసింది.

నేపాల్ అనుభవం మనకు మరింత దగ్గరిది. 1947 త్రైపాక్షిక ఒప్పందం కింద గూర్ఖాలు భారత, బ్రిటిష్ సైన్యాల్లో చేరుతూ వచ్చారు. వారూ పరాయి దేశం కోసం పోరాడేవారే. కానీ వారి వెనుక మూడు ప్రభుత్వాల సంతకాలు, పింఛను, వైద్యం, ఇంటికి చేర్చే ఏర్పాటు ఉన్నాయి. వివక్ష ఎదురైతే పోరాడటానికి ఆధారమూ ఉంది. బ్రిటన్‌లో స్థిరపడే హక్కును మాజీ గూర్ఖాలు 2009లో సాధించుకున్నారు. 2022లో అగ్నిపథ్ నియామక పథకం రాకతో నేపాల్ నుంచి భారత సైన్యంలో చేరికలు ఆగిపోయాయి. ఆ తర్వాత రష్యా దారి పట్టిన నేపాలీ యువకుడి వెనుక ఒక్క ఏజెంటు తప్ప ఎవరూ లేరు. ఫ్రాన్స్ 1831 నుంచి నడుపుతున్న ఫారిన్ లీజియన్‌లోనూ ఐదేళ్ల కాంట్రాక్టు, మూడేళ్ల సేవ తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు చేసే హక్కు, యుద్ధంలో గాయపడితే పౌరసత్వం పొందే హక్కు ఉన్నాయి. మన హైదరాబాదులోనే బార్కస్ అరబ్బులు, ఏసీ గార్డ్స్ సిద్దీలు నిజాం సేనల్లో పనిచేసిన పరాయి సైనికుల వారసులు. కొలువిచ్చిన సైన్యం వారికి నివాసం చూపింది, తరాలు నిలదొక్కుకున్నాయి. విదేశీ సైనికుడనేవాడు చరిత్రలో కొత్తవాడు కాడు. బాధ్యత లేకుండా వాడుకుని పారేసే పద్ధతిని మాత్రం ఇంత విచ్చలవిడిగా సాగనివ్వకూడదు.

మన చట్టంలో ఖాళీలు

భారతీయ న్యాయ సంహిత 153వ సెక్షన్ ప్రకారం భారత్‌తో శాంతిగా ఉన్న ఏ విదేశీ ప్రభుత్వంపై యుద్ధం చేసినా నేరమే. పాత శిక్షాస్మృతిలో ఇది ఆసియా దేశాలకే పరిమితమై ఉండేది. ఇప్పుడు పరిధి పెరిగింది. రష్యా, ఉక్రెయిన్ రెండూ మనతో శాంతిగా ఉన్నవే. అక్షరాలా చదివితే మోసపోయి వెళ్లి తిరిగొచ్చినవాడు కూడా నిందితుడి స్థానంలో నిలబడే ప్రమాదముంది. ఆ భయమే కుటుంబాల నోరు కట్టేస్తుంది, ఏజెంటుకు మేలు చేస్తుంది. మరోవైపు విదేశీ సైన్యాలకు ఇక్కడ మనుషులను చేర్చడాన్ని వలస పాలకులు 1874లోనే ప్రత్యేక చట్టంతో నియంత్రించారు. నేటి అవసరానికి తగిన సూటి చట్టం స్వతంత్ర భారతం చేయలేదు. 1983 వలసల చట్టం గల్ఫ్ కార్మికుడిని దృష్టిలో పెట్టుకుని రాసింది. వలస అనుమతి తప్పనిసరైన 18 దేశాల జాబితాలో రష్యా లేదు. దాంతో టూరిస్టు, విద్యార్థి వీసాలపై వెళ్లేవారిని ఏ వలసదారుల రక్షణాధికారి (ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్) కార్యాలయమూ ఆపి అడగదు.

వీటిని సరిచేయాలంటే పెద్దమనుషులు తరచూ చెప్పే రెండు అభ్యంతరాలకు జవాబివ్వాలి. పౌరుడి స్వేచ్ఛలో ప్రభుత్వం తలదూర్చరాదనేది మొదటిది. అడ్డుకోవాల్సింది ప్రయాణాన్ని కాదు, నేరంగా చూడాల్సింది చేరినవాడిని కాదు. కమీషన్ తీసుకుని మనుషులను పరాయి యుద్ధాలకు సరఫరా చేసేవాడిని శిక్షిస్తే స్వేచ్ఛకు నష్టం లేదు. రష్యాతో స్నేహం దెబ్బతింటుందనేది రెండో అభ్యంతరం. చమురు, రక్షణ అవసరాల దృష్ట్యా ఆ జాగ్రత్త అవసరమే. కానీ మిత్రదేశాన్ని మన పౌరులను చేర్చుకోవద్దని రాతపూర్వకంగా కోరడం స్నేహానికి విరుద్ధం కాదు. ఒక్కొక్కరిని విడిపించుకోవడానికి ప్రతిసారీ మొరపెట్టుకోవడం కంటే అదే గౌరవం. ఇదే సమయంలో ఉపేక్షకు మూల్యమూ ఉంది. మన యువకులు ఉక్రెయిన్ చేతిలో ఖైదీలైనప్పుడు తటస్థత గురించి మన దౌత్యం చెప్పే మాటకు విలువ తగ్గుతుంది. ఇంటికొచ్చినవారికి కాలు, చేయి పోయిన వైకల్యం, నిద్ర పట్టనివ్వని మానసిక గాయం తోడుంటాయి. సైనికుడికి దొరికే ఆసుపత్రీ, పింఛనూ వారికి దొరకవు.

చేయాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. కేంద్రం 2025లో ప్రజాభిప్రాయానికి విడుదల చేసిన విదేశీ వలసల ముసాయిదా బిల్లులో విదేశీ సైన్యాలకు మనుషులను చేర్చడంపై ప్రత్యేక అధ్యాయం ఉండాలి. ‘హెల్పర్’, ‘గార్డు’ పేరుతో యుద్ధక్షేత్రానికి పంపితే దాన్ని మానవ అక్రమ రవాణాగా చూడాలి. తిరిగొచ్చి ఏజెంటుపై సాక్ష్యం చెప్పేవారికి 153వ సెక్షన్ నుంచి రక్షణ కల్పించాలి. రష్యాతో ద్వైపాక్షిక ఒప్పందం ద్వారా భారతీయుల కొత్త చేరికలను ఆపించాలి. ఇప్పటికే చేరినవారి జాబితా, గాయాలు, మరణాల వివరాలు నిర్ణీత గడువులో రాయబార కార్యాలయానికి అందేలా చూడాలి. ఆచూకీ లేనివారి కుటుంబాలకు మరణ ధ్రువీకరణ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడకుండా మధ్యంతర సాయం ఇవ్వాలి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. యుద్ధక్షేత్రాల్లో చనిపోయినవారి కుటుంబాలకూ ఆ సాయాన్ని వర్తింపజేయడం కష్టం కాదు. గల్ఫ్ మోసాలపై రెండు తెలుగు రాష్ట్రాల్లో దశాబ్దాలుగా పనిచేస్తున్న సంఘాలకు ఏజెంట్ల జాడ, కుటుంబాల బాధ రెండూ తెలుసు. జిల్లా పోలీసులు, కలెక్టర్లు వారితో కలిసి పనిచేయాలి.

విదేశంలో నెలకు 2 లక్షల జీతమని, టూరిస్టు వీసా మీద వెళ్తే చాలని, అక్కడికెళ్లాక కాగితాలు చూసుకుందామని ఎవరైనా చెబితే, ఆ ఉద్యోగం ఏమిటో వెళ్లకముందే మీకు అర్థమయ్యే భాషలో రాసివ్వమనండి. రాసివ్వకపోతే పోలీసులకు ఫిర్యాదు చేయండి. ప్రభుత్వాలు చేయాల్సింది ప్రభుత్వాలు చేయాలి. కానీ చట్టం వచ్చేలోపు ఇంకో కుటుంబం డీఎన్‌ఏ నమూనా ఇవ్వాల్సిన పరిస్థితి రాకుండా ఆపగలిగేది ఊళ్లోనే మొదట అడిగే ఈ ప్రశ్న.